పైడి పేరున నేను చూసిన సినిమాలు

కార్తీక శుద్ధ తదియ, సోమవారం

నేను పదో తరగతి దాకా చదువుకున్నాను. ఆ తరవాత చీటీల మీద అంకెలు రాయడమే గాని ఇంత రాత ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు. నోటితో చెబితే తెర వింటుంది. పూజ దగ్గర మనసులో చెప్పుకుంటే నరసింహస్వామి వింటాడు గాని, నాకేమైనా అయితే ఆయన వచ్చి పైడితో చెప్పడు కదా. అందుకని కాగితం పట్టుకున్నాను. ఇవి ఫిల్టరు షెడ్డులో గుడ్డలకు కట్టే చీటీలు. అడగకుండా తెచ్చాను, అది కూడా తప్పే.

ఈరోజు జరిగింది ఇది.

ఉప్పునీళ్ళు వడకట్టే గుడ్డలు ఉతికి, ఆరేసి, పదకొండింటికి గదికి వచ్చాను. చోడంబలి తాగుతుంటే పైడి వచ్చింది. పైడితల్లి మా పక్కగదిలో ఉంటుంది, నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. కొబ్బరినూనె సీసా, ప్లాస్టిక్ సంచీ ముక్క కూడా తెచ్చుకుంది. చిన్న గాజులు ఎక్కించేటప్పుడు చేతికి సంచీ తొడిగి నూనె రాసి జారుస్తారు చూడండి, అలాగే మేము కంకణాలు జారుస్తాం. నాది దానికి, దానిది నాకు. ఊరికే తీసి పక్కన పెడితే పావుగంటలో చూపుల ఆఫీసులో గంట మోగుతుంది. వెచ్చటి చెయ్యి ఉంటే చాలు, ఎవరి చెయ్యన్నది దానికి తెలియదు.

మా గట్టువాడలో మనిషికి వారానికి ఆరు గంటలు తెర చూడడం విధి. సినిమా నడుస్తున్నంతసేపూ కంకణం గుండెని చూస్తుంది. ఎక్కడ ఏడ్చాం, ఎక్కడ బెదిరాం, ఎక్కడ నవ్వాం, అన్నీ ఆఫీసుకి చేరతాయి. దాన్నిబట్టే ఎవరికి ఏ పని అన్నది వాళ్ళు చెబుతారు. పరీక్షలు, సిఫార్సులు ఉన్న కాలం కంటే ఇదే నయమని మా అమ్మ అనేది. నాకైతే అది విధి అనిపించలేదు ఎప్పుడూ. మా ఆయన పోయాక సినిమాలే నాకు తోడు. ఆరు గంటలేమిటి, పదహారు గంటలు చూడమన్నా చూస్తాను.

పైడి చూడలేదు. ఎనిమిదేళ్ళ కిందట సముద్రం గోడకి గండి పడినప్పుడు దాని చెల్లెలు నీళ్ళలో పోయింది. అప్పట్నించి తెర మీద చెంబుడు నీళ్ళు కనబడినా దాని గుండెదడ ఆగదు. అలా బెదిరేవాళ్ళని ఆఫీసువాళ్ళు మెట్టకి పంపిస్తారు. మెట్ట నించి ఉత్తరం వచ్చిన గది మా మేడలో ఒక్కటి లేదు. పైడి వెళ్ళిపోతే మంచం మీదున్న దాని తల్లికి గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కుండదు. అందుకని ఆరు నెలలుగా దాని కంకణం పెట్టుకుని దాని పేరున నేనే చూస్తున్నాను. ఒకరి మొక్కు ఇంకొకరు తీర్చవచ్చు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను.

దాని పేరున చూస్తున్నా నేను పెట్టుకున్నది నాకిష్టమైనవే. ఈరోజు పోస్టమ్మ సినిమా. ఏటిగట్టు తెగి తపాలా ఆఫీసులోకి నీళ్ళొస్తాయి. పోస్టమ్మ బల్ల మీద బల్ల వేసుకుని ఎక్కి, ఉత్తరాల సంచీ నెత్తిన పెట్టుకుని నిలబడుతుంది. నీళ్ళు గడ్డం దాకా వస్తాయి. అక్కడికి వచ్చేసరికి తలుపు చప్పుడైంది.

గొడుగు మడుస్తూ ఒక అమ్మాయి నిలబడింది. తెల్ల కోటు, చేతిలో కంకణాలు చదివే పెట్టె. "చూపుల ఆఫీసు నించండి. నా పేరు మృదుల. పైడితల్లిగారు ఈ గదిలో ఉన్నారని పక్కన పెద్దావిడ చెప్పారు" అంటూ లోపలికి వచ్చి, తెర ముందున్న నా చెయ్యి పట్టుకుని పెట్టె ఆనించింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"మీరేనన్నమాట!"

నేను అవుననలేదు. కాదనీ అనలేదు. పైడి పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఆవిడెవరు?"

"నానాండీ, నర్సమ్మని. ఈ గది నాదేనండి" అంది పైడి. నా పేరు దాని నోట ఎంత తేలిగ్గా వచ్చిందో!

మృదుల నా పక్కనే కూర్చుంది. "పైడితల్లిగారూ, మిమ్మల్ని ఒకసారి కళ్ళారా చూడాలనిపించి వచ్చాను. ఆరు నెలల్లో నీళ్ళ ప్రమాదాలున్న సినిమాలు పద్నాలుగు చూశారు. అన్నీ మొదటిసారే. ఒక్కదానిలోనూ మీ నాడి డెబ్బై దాటలేదు. ఇటువంటి గుండె మా పుస్తకంలో ఇంకొకటి లేదండీ" అంది. మంచి గొంతు. నా భుజం నిమిరి వెళ్ళింది.

తలుపు వేశాక పైడి నవ్వింది. "సూసినావా అక్కా, నాకు మెచ్చుకోలొచ్చింది!"

నాకు నవ్వు రాలేదు. అవి పైడి పేరున మొదటిసారి. నేను ఒక్కోటీ ఇరవై, ముప్పై సార్లు చూసినవి. పోస్టమ్మ గడ్డం దాకా నీళ్ళొచ్చినప్పుడు కిటికీలోంచి తాడు పడుతుందని నాకు తెలుసు. ఎవడు విసురుతాడో కూడా తెలుసు. అందుకే నా గుండె కదల్లేదు. నా కంకణంతో చూసి ఉంటే, పాతదేనని ఆ చూపు పక్కన పెట్టేసేవారు. ఇంత చిన్న సంగతి ఆరు నెలలుగా నా బుర్రకి తట్టలేదు.


పంచమి, బుధవారం

ఉత్తరం వచ్చింది. పైడితల్లి, గది నంబరు, తూము పని. పౌర్ణమి నాడు పొద్దున్న ఆరింటికి గోడ దగ్గర ఉండాలి.

తూము పనంటే ఏమిటో ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. పౌర్ణమి పోటుకి ముందు గోడలో ఉన్న తలుపులు కిందికి దించాలి. తలుపు దిగే గాడిలో గుల్లలు పట్టేస్తాయి. మరలు పంపిస్తే వాటి చేతులే ఇరుక్కుపోతున్నాయి. అందుకని మనుషులు గోడలోని బావిలోంచి దిగి చేత్తో గీకాలి. భయపడినవాళ్ళు గాలి గబగబా పీల్చేసి మధ్యలో అయిపోగొట్టుకుంటారట, అందుకు భయం లేనివాళ్ళే కావాలి. కిందటి పౌర్ణమికి నలుగురు దిగారు. ముగ్గురు పైకి వచ్చారు.

పైడి ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. "ఇందులో నా పేరే ఉందా అక్కా?" అంది. మూడోసారి అడగలేదు. తల్లికి తినిపించాల్సిన అంబలి నా పొయ్యి మీదే వదిలేసి వెళ్ళిపోయింది. నేను తీసుకెళ్ళి ముసలావిడకి తినిపించాను.


సప్తమి, శుక్రవారం

కుళాయి దగ్గర గౌరమ్మ పట్టుకుంది. శుక్రవారం వస్తే మేడలో ఆడవాళ్ళు బిందె కింద పెట్టి నన్ను అడగడం అలవాటు. ఎవరి మనసు ఎలా ఉందో చూసి సినిమా చెబుతాను. కోడలు అలిగితే ఒకటి, బాలింతకి నిద్ర పట్టకపోతే ఒకటి. నాకు నచ్చింది ఇంకొకరు చూసి వచ్చి, 'అక్కా, ఆ రైలు దగ్గర ఏడుపాగలేదే' అంటే, నైవేద్యం పంచిపెట్టినంత తృప్తిగా ఉంటుంది నాకు.

"నర్సమ్మా, మా ఆయన తెర ముందు కూర్చుంటే చాలు, గురక. కంకణం వీడు చచ్చాడనుకుంటుందేమో! గురక రాని సినిమా ఒకటి చెప్పవే" అంది గౌరమ్మ. అందరూ నవ్వారు.

నా నోట ఒక్క పేరు రాలేదు. వందల సినిమాలు తెలిసినదాన్ని, ఒక్కటి తోచలేదు.

"ఏమిటే, మొహం అలా పెట్టావు? ఒంట్లో బాగులేదా?"

"తలనొప్పి" అన్నాను.

మధ్యాహ్నం పైడి కంకణం పెట్టుకుని తెర వేశాను. ఇప్పుడైనా భయపడి చూపిద్దామని నా ఆశ. భయపడడానికి కష్టపడనక్కరలేకపోయింది. పెళ్ళిపందిట్లో వంటవాడు పప్పులో జారిపడే సినిమా అది. దానికే నా గుండె దడదడలాడిపోయింది. కాసేపటికి తెర మీద అక్షరాలొచ్చాయి: తూము జాబితా ముగిసింది, పైడితల్లిగారు విశ్రాంతి తీసుకోవచ్చు.

సినిమా ఆగిపోయింది. నల్లటి తెరలో నా మొహం కనబడింది. నాకు సినిమా అంటే భయం వెయ్యడం ఇదే మొదలు.


దశమి, సోమవారం

నిజం చెప్పేద్దామని ఆఫీసుకి వెళ్ళాను. తప్పు నాది, పైడికి నీళ్ళంటే ప్రాణభయం, దాన్ని వదిలెయ్యండి, నన్నేం చేసినా సరే, అని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. నా చేతికి నా కంకణమే ఉంది.

వరసలో నా ముందు ఇద్దరు తోడికోడళ్ళు. చిన్నది ఏడుస్తోంది. వాళ్ళూ మాలాగే కంకణాలు మార్చుకున్నారట, మనసు ఒప్పక చెప్పడానికి వచ్చారు. మృదుల బల్ల ఇవతలికి వచ్చి చిన్నదాని కళ్ళు తుడిచింది.

"ఏడవకండమ్మా. నిజం చెప్పారు, అది చాలు. ముందు ఈ మజ్జిగ తాగండి."

ఇద్దరూ తాగారు. పెద్దావిడ గ్లాసు కడిగి పెడతానంటే వద్దని మృదులే తీసుకుంది. తరవాత వెనక తలుపు తీసింది. బయట మెట్టకి వెళ్ళే బండి ఉంది.

"మరి మా బట్టలండీ? పిల్లవాడు బడిలో ఉన్నాడండీ" అంది పెద్దావిడ.

"అవన్నీ మేము చూసుకుంటాం" అంది మృదుల, అదే గొంతుతో. బండి తలుపు పడింది. ఆవిడ గట్టిగా అరిచి ఉంటే నాకింత భయం వేసేది కాదు.

అప్పుడు నన్ను చూసింది. "అరె, పైడితల్లిగారా! ఏమిటిలా వచ్చారు?"

పెట్టె ఆవిడ చేతిలోనే ఉంది. నా చేతికి నరసమ్మ కంకణం. చెయ్యి కొంగులోకి లాక్కున్నాను. స్వామీ, ఏదో ఒకటి పలికించు అనుకున్నాను.

"తూములో దిగేటప్పుడు మెడలో తులసిమాల ఉండొచ్చా అండీ? తియ్యమంటే తీసేస్తాను. అడిగి వెళ్దామని వచ్చాను" అన్నాను.

ఆవిడ మొహం మెత్తబడింది. "ఉంచుకోండి. మీలాంటివాళ్ళకి దేవుడు తోడుంటాడు" అంది. పెట్టె బల్ల మీద పెట్టి తరవాతి మనిషిని పిలిచింది.

ఇంటిదాకా ఎలా నడిచానో తెలియదు. చెబితే ఇద్దరం మెట్టకి పోతాం, ముసలావిడ మంచం మీదే పోతుంది. చెప్పకపోతే పైడి తూములో పోతుంది. మూడో దారి ఒకటుందని నాకు దారిలోనే తట్టింది. ఆఫీసు లెక్కలో పైడితల్లి మొహం నాది.


ఏకాదశి, మంగళవారం

ఈరోజు దిగేవాళ్ళకి నేర్పే రోజు. పైడితో ఏమీ చెప్పలేదు. "తెర చూడాలి, నీ కంకణం ఇటివ్వు" అన్నాను. ఇచ్చింది. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాను.

నేర్పే మనిషి సన్యాసిరావు, అరవై దాటినవాడు. నడుముకి తాడు కట్టి చెప్పాడు: "ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లు లాగితే పైకి తియ్యమని. మూడుసార్లు లాగితే నేను దిగాలి తల్లీ. నాకు మోకాళ్ళ నొప్పులు. దయచేసి మూడోసారి లాగకు."

బావి మెట్లు నలభై. ఇరవై దాటాక వెలుతురు పోయి నెత్తి మీద దీపమే మిగిలింది. గోడకి అవతల సముద్రం. చెయ్యి ఆనిస్తే గోడ లోపలినించి చిన్నగా అదురుతోంది. పాదాలకి నీళ్ళు తగిలాయి. మోకాళ్ళు, నడుము, గుండెల దాకా. నీళ్ళు చల్లగా ఉంటాయనుకున్నాను గాని, బరువుగా ఉంటాయని ఏ సినిమాలోనూ తెలియలేదు. ఊపిరి పీల్చడానికి చోటు లేనట్టయింది. ఎప్పుడు పైకి తీస్తారో, అసలు తీస్తారో లేదో తెలియదు. ఎటు చూసినా కిటికీ లేదు. గోవిందా అనబోతే దవడలు కొట్టుకున్నాయి. తాడు రెండుసార్లు లాగాను.

పైకి రాగానే సన్యాసిరావు నా చేతులు పట్టుకుని చూశాడు.

"బెదురులేని మనిషన్నారే. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి!"

"ఏకాదశి ఉపవాసమండి."

"ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళూ ఏదో ఒక ఉపవాసంలోనే ఉంటారమ్మా" అన్నాడు. "భయం వేస్తే అంకెలు లెక్కపెట్టుకో. గాలి మెల్లగా వాడు." చెమ్చాలాంటి గీకుడు కత్తి చేతికిచ్చి, గుల్ల ఏ పక్కనించి పొడవాలో చూపించాడు. ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు.


త్రయోదశి, గురువారం

పైడికి తెలిసిపోయింది. నా చీర అంచున ఉప్పు తెల్లగా కట్టి ఉండడం చూసి నిలదీసింది. చెప్పాను. వెంటనే మెట్లు దిగి గోడ వైపు వెళ్ళిపోయింది. తనే దిగి చూస్తానని. నేను వెనకాల పరుగెత్తాను. బావి దగ్గర ఎవరూ లేరు. పైడి మూడు మెట్లు దిగింది. నాలుగో మెట్టు మీద కింద నీళ్ళ చప్పుడు వినగానే మోకాళ్ళు మడిచి కూలబడింది. రెండు చేతులతో లాగి పైకి తెచ్చాను. దాని పళ్ళు బిగుసుకుపోయాయి.

గదికి వచ్చాక అరిచింది. "నా సావు నన్ను సావనీ! నువ్వెవత్తివే నా బదులు సావడానికి?"

"మీ అమ్మకి ఎవరు పెడతారు?"

"నువ్వు పెట్టు!"

"పెడతాను. నువ్వు పోయాక నేనే పెడతాను. కాని నాలుగో మెట్టు మీద పడిపోయేదానివి, నీళ్ళలోకి దిగనైనా దిగవు. తలుపు దిగకపోతే పోటు లోపలికి వస్తుంది. అప్పుడు మీ అమ్మ మంచం ఏమవుతుందో చెప్పు."

ఇంత గట్టిగా నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను. తరవాత మెల్లగా ఇంకొక సంగతి చెప్పాను. నేను దిగి పైకి రాకపోతే, లెక్కలో పోయింది పైడితల్లి. అప్పట్నించి పైడి నరసమ్మగా బతకాలి. నా గది, నా షెడ్డు పని, నా కంకణం. పొరుగావిడ తల్లిని చూసుకుంటున్నానని చెప్పాలి.

మేడలో, షెడ్డులో వాళ్ళ సంగతేమిటని అడిగింది. గౌరమ్మ ఏడుస్తుంది గాని ఆఫీసుకి చెప్పదన్నాను. మేడలోనైనా షెడ్డులోనైనా ఏదో ఒక దాపరికం లేని మనిషి ఎవరు?

పైడి ముక్కు తుడుచుకుంది. "ఒలమ్మా, ముప్పయ్యెనిమిదేళ్ళకే యాభయ్యేళ్ళ ముసిల్దాన్నైపోతానా?"

"పదో తరగతి పాసైపోతావు కూడా" అన్నాను.

నవ్వింది, వెంటనే నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు.


చతుర్దశి, శుక్రవారం

రేపు పొద్దున్న ఆరింటికి. షెడ్డులో గుడ్డలన్నీ ఉతికి పెట్టి వచ్చాను. దీపం పెట్టుకుని విష్ణు సహస్రనామం చదువుకున్నాను, రెండుచోట్ల తప్పాను. సన్యాసిరావు చెప్పినట్టు అంకెలు లెక్కపెడుతున్నాను గాని నలభై దగ్గరికి వచ్చేసరికి మెట్లే గుర్తొస్తున్నాయి.

పైడీ, ఇక్కణ్ణించి నీకే రాస్తున్నాను. కూడబలుక్కుని చదువు.

నువ్వు నరసమ్మవి కావలసి వస్తే నా ఆరు గంటలు నువ్వే చూడాలి. సినిమాలు చూసి చూసి గుండె నిమ్మళమైన ఆడదని నా పేరున రాసి ఉంది. నీ గుండె అలా కొట్టుకుంటే నెల తిరగకుండా పట్టుకుంటారు. పాతవి పెడితే లెక్క వెయ్యరు, కాబట్టి నెలకి ఒక్కటైనా కొత్తది పెట్టాలి. నీళ్ళు రాని సినిమాలు మొత్తం నలభై ఆరు ఏరాను, నేను చూడనివే. వాటి పేర్లు వెనక చీటీల మీద ఉన్నాయి. నీళ్ళుంటాయో లేవో షెడ్డులో ఒక్కొక్కళ్ళనీ అడిగి కనుక్కున్నాను.

నేను చూసిన ఆ పద్నాలుగూ ఎప్పుడైనా తెర దానంతటదే వేస్తుంది. అప్పుడు లేచి వెళ్ళడానికి ఉండదు. అందుకని వాటి చివరలు రాస్తున్నాను. ముందే తెలిస్తే గుండె అంత ఎగరదు.

పోస్టమ్మ బతుకుతుంది. గడ్డం దాకా నీళ్ళొచ్చాక నువ్వు ముప్పై దాకా లెక్కపెట్టు, తాడు పడుతుంది. విసిరేది ఆవిడతో మాట్లాడ్డం మానేసిన తమ్ముడు.

లంకలో చిక్కుకున్న నాటకం వాళ్ళందరూ బతుకుతారు. హార్మోనియం ఒక్కటీ పోతుంది. అక్కడ నవ్వాలి, నేను నవ్వుతాను.

గజ ఈతగాడి పెళ్ళాం సినిమాలో అతను పోతాడు. ఇది దాచను. సగం అయ్యాక పోతాడు, ఎర్ర తలపాగా నీళ్ళ మీద తేలుతుంది. అది కనబడగానే కళ్ళు మూసుకో, ఏడుపు వస్తే ఏడువు. అక్కడ నేను ప్రతిసారీ ఏడుస్తాను, అందుకు నిన్నేమీ అనరు.

అక్కాచెల్లెళ్ళు రేవు దాటే సినిమాలో చెల్లెలు చెయ్యి జారుతుంది. పైడీ, భయపడకు. ఆ పిల్ల అవతలి ఒడ్డున చాపలు నేసేవాళ్ళ ఇంట్లో పెరుగుతుంది. చివర్లో అక్క కొన్న చాప మీద దాని నేత గుర్తుపడుతుంది. అది సినిమా అని నాకు తెలుసు. నీకు అలా జరగలేదనీ తెలుసు. అయినా చివరిదాకా చూడు.

మిగతా పదీ తరవాతి చీటీల మీద ఒక్కొక్కటిగా రాశాను.

నాకు చాలా భయంగా ఉంది. ఇది నీతో నోటితో చెప్పను, చెబితే నన్ను వెళ్ళనివ్వవు. చావు పుణ్యమని గాని, నేను ధైర్యవంతురాలినని గాని అనుకోకు. తప్పు చేసింది నేను, నాకిష్టమైనవి మళ్ళీ మళ్ళీ చూసుకోవాలన్న ఆశతో చేశాను. ఆ తప్పుకి నిన్ను దింపలేను, అంతే.

ఈ చీటీలు దాచిపెట్టు. నేను తిరిగి వస్తే నా చేతికే ఇవ్వు, పొయ్యిలో వేస్తాను. రాకపోతే మీ అమ్మ పరుపు కింద ఉంచుకో, మంచం పట్టిన మనిషిని లేపి ఎవరూ వెతకరు. చివరలు నోటికి వచ్చాక కూడా పారెయ్యకు. ఎవరికీ చూపించవద్దు, గౌరమ్మకైనా సరే. ఆవిడ కుళాయి దగ్గర మంచి సినిమా చెప్పమని అడిగితే మాత్రం, నలభై ఆరులోంచి ఒకటి చెప్పు.